ఊదరకుండ, కావడిబద్ద

కోతలైన మాగాణిలో ఎలుకల వేటకు దిగే యానాది కుటుంబం వెంట ఉండే వస్తువులు ఒక చేతి వేళ్లకు మించవు. ఒక మట్టికుండ, ఒక గడ్డపార, ఒక గోతం, ఒక తువ్వాలు. దూరం పోవాల్సి ఉంటే కావడి. అగ్గిపెట్టె మొలలో ఉంటుంది. పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేసే వేటకైనా, కోతల కాలంలో ఊరూరా తిరుగుతూ చెరువుకట్టల మీద వండుకు తినే రోజులకైనా సరంజామా ఇదే. ఇంత తక్కువ సామానుతో అంత పని ఎలా సాగుతుందో గమనించడం నాకు ఎప్పటికీ తనివి తీరని పని. పేదరికం వల్ల అని ఒక్క మాటలో తేల్చేయవచ్చు. వాళ్ల పేదరికం నిజమే. అయినా ఆ కుండను చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తే, తరాల తరబడి ఎవరో ఏరుతూ, పనికిరానిదాన్ని ఇంటి దగ్గరే వదిలేస్తూ వచ్చిన ఆనవాళ్లు కనబడతాయి. నేను చెప్పాలనుకున్నది ఆ ఏరికను గురించే.

నేను చెప్పే వేట నెల్లూరు జిల్లా బిట్రగుంట చుట్టుపక్కలది. ఆ ఊరి పేరు చెప్పగానే చాలామందికి రైలు గుర్తొస్తుంది. విజయవాడ, గూడూరుల నడుమ ఆవిరి ఇంజన్ల కాలంలో పేరు మోసిన లోకోషెడ్డు ఉన్న ఊరు. రైలుకట్ట దాటి కాస్త పక్కకు నడిస్తే మరో బిట్రగుంట ఎదురవుతుంది. కాలువ కింద, చెరువుల కింద వరి మాగాణులు; తూర్పుకు పోయేకొద్దీ తాళ్లు, సరుగుడు తోటలు, బకింగ్‌హామ్ కాలువ, ఆపైన జువ్వలదిన్నె వైపు సముద్రం. మెట్ట, మాగాణి, ఉప్పునీరు, ఇసుక అన్నీ ఒక పూట నడకలో ఉండే నేల ఇది. ఆ నేలకు తగినట్టే ఇక్కడి వేటగాడు ఒకే సంచితో ఎలుక కలుగుకూ, చెరువు బురదకూ, కాలువ పీతకూ సిద్ధంగా ఉండాలి.

యానాదులు రాష్ట్రంలోని పెద్ద గిరిజన సమూహాల్లో ఒకరు. 2011 జనగణన నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వాళ్ల సంఖ్య 5 లక్షలు దాటింది, అందులో నెల్లూరు జిల్లాదే పెద్ద వాటా. ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి కలిసి 1909లో వెలువరించిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాల్లో చివరిది, ఏడోది, వాళ్ల వేటపద్ధతులకు చాలా చోటిచ్చింది. ఊదర పెట్టడమనే మాట అందులో తెలుగులోనే ఉంది. కుండలో గడ్డి కూరి నిప్పు వేయడం, కుండ మూతిని పందికొక్కు కలుగుకు ఆనించడం, కుండకున్న చిన్న కంతలోంచి ఊది పొగను లోపలికి తోయడం, విడిచిపెట్టిన ఒకే దారిలోంచి బయటికొచ్చిన జంతువును పట్టడం. నూరేళ్లు దాటినా పద్ధతి మారలేదు.

ఇప్పుడు ఆ కుండను దగ్గరగా చూద్దాం. కొత్తది కానక్కర్లేదు. ఒక మనిషికి అన్నం వండుకునేంత కుండ చాలు. అంచు మందంగా ఉండాలి, మూతి మరీ వెడల్పుగా ఉండకూడదు. కింద, అడుగు భాగంలో, వేలు పట్టేంత కంత. చూడటానికి కుండ పాడైపోయినట్టుంటుంది. పనితనమంతా ఆ కంతలోనే ఉంది. పొయ్యిని ఊదేవాళ్లు నిప్పు ముందు కూర్చుని ఊదుతారు; పొగ మొహానికే తిరిగొస్తుంది. ఇక్కడ ఊపిరి నిప్పుకు వెనకనుంచి వస్తుంది. గడ్డి రాజుకున్న చోటును దాటి, పొగను ముందుకు నెట్టుకుంటూ కలుగులోకి పోతుంది. కంత మరీ పెద్దదైతే ఊపిరి చెదిరిపోయి ఊదడానికి జోరు ఉండదు, మరీ చిన్నదైతే నిప్పుకు గాలి చాలదు. మట్టిగోడ వేడిని పట్టి ఉంచుతుంది కాబట్టి ఊదడం ఆపి ఊపిరి తీసుకున్నా లోపలి నిప్పు ఆరిపోదు. రేకు డబ్బా అయితే పట్టుకున్న చేయి కాలుతుంది. మట్టి అయితే పక్కనున్న బురద రాసుకుని పట్టుకోవచ్చు.

కుండలో కూరే గడ్డిలోనూ ఒక వరుస ఉంది. అడుగున ఎండుగడ్డి, నిప్పు నిలవడానికి. మూతి దగ్గర పచ్చిగడ్డి, తడి ఆకులు, పొగ చిక్కగా రావడానికి. మొత్తం ఎండుదే పెడితే మంటై పోతుంది, మంట కలుగులోకి దూరదు. మొత్తం పచ్చిదే పెడితే ఊదేవాడి గుండెలు అలిసిపోతాయి. ఇవేవీ ఇంటి దగ్గరనుంచి మోసుకొచ్చేవి కావు. కోసిన చేలో ఉండేవే. మోయాల్సింది కుండ ఒక్కటే. మిగతా సరంజామా అంతా వేట జరిగే చోటే పుడుతుంది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఆ తరవాతి ఘట్టం. కుండ అంచుకూ కలుగు మూతికీ మధ్య సందులు బురదతో మెత్తి, నెమ్మదిగా ఊదడం మొదలుపెడతారు. కాసేపటికి చేలో అక్కడక్కడ నేలలోంచి సన్నగా పొగ లేస్తుంది. పొలాల్లో కలుగులు తవ్వే చిన్న పందికొక్కు మహా జాగ్రత్త గలది. వాకిలిని మట్టితో మూసుకుంటుంది. ఆపదలో పారిపోవడానికి వేరే దారులు తవ్వి, వాటిపైన పలుచటి మట్టిపొర వదిలిపెడుతుంది. మామూలు కంటికి అవి కనపడవు. పొగకు కనపడతాయి. అంటే కుండ ముందుగా చేసే పని, కలుగు ఎటు తిరిగిందో, ఎన్ని దారులున్నాయో నేలమీద గీసి చూపించడం. పిల్లలు ఆ పొగదారులు వెతికి ఒక్కటి తప్ప అన్నిటినీ బురదతో మూసేస్తారు. ఆ ఒక్కదాని దగ్గర పెద్దవాళ్లు గోతం మూతి తెరిచిపెట్టో, కర్ర పట్టుకునో కూర్చుంటారు. గుడ్డిగా చేను మొత్తం తవ్వే పని తప్పిపోతుంది. గట్టు కూలదు. రైతుకు కావలసిందీ అదే.

గడ్డపార గురించి ఎక్కువ చెప్పుకోవాల్సింది లేదు, ఇనుము ఇనుమే. సరంజామాలో బరువైనది అదే కనుక దానిచేత రెండు మూడు పనులు చేయించుకుంటారు. తవ్వుతుంది. నేలలో గుచ్చి చేతికి తగిలే అదురును బట్టి కింద బోలు ఉందో లేదో చెబుతుంది. నడిచేటప్పుడు ఊతకర్ర అవుతుంది. కలుగు గదుల్లో ఎలుక దాచుకున్న వెన్నులను బయటికి తీసేదీ అదే. ఆ వడ్లు వేటగాళ్లవని పల్లెల్లో ఆనవాయితీ. కొన్ని కుటుంబాలకు కోతల కాలపు గింజలు ఆ కలుగుల్లోంచే వచ్చేవి.

అయితే ఈ పనిముట్టుకు ఒక చేదు చరిత్ర ఉంది. తెల్లదొరల కాలపు నేరస్థ తెగల చట్టం కింద యానాదుల్లో కొన్ని వర్గాలను నమోదు చేశారు. చేతిలో గడ్డపారతో చీకట్లో నడిచే యానాదిని కన్నం వేసేవాడిగా చూడడానికి చట్టమే వీలిచ్చింది. తన బతుకుతెరువు సామాను తానే దాచుకోవాల్సిన స్థితి. ఆ ముద్రను చెరపడానికి జీవితమంతా పనిచేసిన మనిషి ఈ జిల్లావాడే, వెన్నెలకంటి రాఘవయ్య. 1897లో పుట్టి 1981లో కన్నుమూసిన ఆయన, యానాదుల మీద 1962లో ఇంగ్లీషులో ఒక పుస్తకం వెలువరించారు. 1973లో పద్మభూషణ్ అందుకున్నారు. చట్టం 1952 ఆగస్టులో రద్దయింది. ఒక మనిషి చేతిలోని పనిముట్టును మనం ఎలా చూస్తామన్నది కూడా ఆ పనిముట్టు చరిత్రలో భాగమే కనుక ఇది ఇక్కడ చెప్పక తప్పలేదు.

నిప్పు సంగతికి వస్తాను. అగ్గిపెట్టె దొరకని కాలంలో యానాదులు రెండు పుల్లలతో నిప్పు పుట్టించేవారని థర్‌స్టన్ సంపుటంలో ఉంది. పొట్టి పుల్లలో చదరంగా చిన్న గుంట తొలిచి, దాన్ని నేలమీద గట్టిగా అదిమిపట్టి, పొడుగు పుల్లను ఆ గుంటలో నిలబెట్టి రెండు అరచేతుల మధ్య గిరగిరా తిప్పుతారు. పుట్టిన నిప్పును పాతగుడ్డకో ఎండుటాకుకో అందిస్తారు. రెండు పుల్లల బరువెంత? ఆల్ప్స్ పర్వతాల మంచులో 1991లో బయటపడిన, 5 వేల ఏళ్లకు పైబడిన వేటగాడు ఓట్జీ సామానును దీని పక్కన పెట్టి చూడాలనిపిస్తుంది. అతని దగ్గర బూర్జ చెట్టు బెరడుతో కుట్టిన పాత్ర ఉంది. అందులో పచ్చి మేపుల్ ఆకుల్లో చుట్టిన బొగ్గులు. నిప్పును రగిలి ఉండగానే మోసుకెళ్లే ఏర్పాటు అది. వంచిన హేజెల్ కొమ్మకు లార్చ్ చెక్క పలకలు కట్టిన చట్రం కూడా అతని పక్కన దొరికింది. వీపున మోసుకునే సంచికి అది ఆధారమని పరిశోధకులు అంటున్నారు. చలి కొండల్లో తిరిగేవాడు నిప్పును వెంట తీసుకుపోయాడు. ఎండు తాటాకు ఎక్కడపడితే అక్కడ దొరికే మన తీరంలోనివాడు నిప్పు పుట్టించే నేర్పును మాత్రమే తీసుకుపోయాడు. ఇద్దరూ తమ నేలను చదివే సామాను ఎంచుకున్నారు.

ఇక మోత. కొండల్లో రోజుల తరబడి తిరిగి వేటాడే అమెరికన్ వేటగాళ్లు వీపుసంచి ఎంపికకు చాలా ఆలోచన వెచ్చిస్తారు. 1952లో డిక్ కెల్టీ అనే కాలిఫోర్నియా మనిషి అల్యూమినియం చట్రంతో సంచులు చేసి అమ్మడం మొదలుపెట్టాక ఆ ఆలోచనకు ఒక రూపం వచ్చింది. బరువు భుజాల మీంచి నడుముకు, నడుము మీంచి కాళ్లకు దిగాలి. వెళ్లేటప్పుడు తేలికగా ఉన్న సంచి, వేట దొరికాక మాంసం బరువునూ ఓర్చాలి. ఈ రెండో షరతే వేటగాడి సంచిని మామూలు ప్రయాణికుడి సంచినుంచి వేరుచేస్తుంది. పోయేటప్పుడు ఖాళీ, వచ్చేటప్పుడు నిండు.

కావడి ఈ షరతును ఎంత చక్కగా తీరుస్తుందో చూడండి. పోయేటప్పుడు అది భుజాన ఒక వెదురుబద్ద, దానికి చుట్టిన రెండు తాళ్లు. అంతే. వచ్చేటప్పుడు తాళ్లు విప్పి రెండు వైపులా గంపలో, చిక్కాలో, గోతాలో, ఏది దొరికితే అది కడితే సంచి తయారవుతుంది. బద్ద తయారీలో ఉన్న నేర్పు చిన్నది కాదు. ముదిరిన వెదురు కావాలి, లేతది వంగిపోయి మళ్లీ లేవదు. గెడను నిలువుగా చీల్చి, నడుమ వెడల్పుగానూ మందంగానూ ఉంచి, కొసలకు పోయేకొద్దీ సన్నగా చెక్కుతారు. చెక్కాల్సింది లోపలివైపే. వెదురు బలమంతా బయటి తోలుకు దగ్గరగా ఒత్తుగా ఉన్న పీచులో ఉంటుంది. అక్కడ కత్తి పడితే బద్ద ఎప్పుడో ఒకరోజు దారిలో విరుగుతుంది. కణుపుల గరుకును నున్నగా తీసినా వాటిని పూర్తిగా కోసేయరు. కొసల దగ్గర తాడు జారకుండా గాట్లు పెడతారు. భుజం మీద ఆనే చోట మనిషి చెమటతో, నూనెతో ఏళ్ల తరబడి రాపిడి పడి బద్ద అద్దంలా మెరుస్తుంటుంది.

నడుమ మందం, కొసలు సన్నం అన్న ఆ ఒక్క లెక్కలోనే బద్ద ఊగుతుంది. మోసేవాడు అడుగు వేసినప్పుడల్లా అతని ఒళ్లు లేచి పడుతుంది, దానికి ఎదురుగా బద్ద కొసలు వంగి లేస్తాయి. గంపలు మాత్రం దాదాపు ఒకే ఎత్తులో సాగిపోతాయి. 1991లో రోజర్ క్రామ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త వంగే బద్దలతో బరువు మోయించి కొలతలు తీశాడు. ఖర్చయ్యే శక్తిలో తేడా రాలేదు గానీ, భుజం మీద పడే గరిష్ఠ ఒత్తిడి బాగా తగ్గింది. 2019లో వెలువడిన, వియత్నాం పల్లెల్లోని మోతగాళ్ల మీద జరిగిన మరో అధ్యయనం, అనుభవం ఉన్నవాళ్లు తమ అడుగుల లయను బద్ద ఊపుకు తగ్గట్టు సర్దుకుంటారని చూపించింది. కావడి మోసేవాళ్ల నడకలో కనబడే ఆ పరుగులాంటి చిన్న అడుగుల తీరుకు కారణం అక్కడుంది.

మన నేలకు అది ఎలా నప్పిందన్నది ఇంకో సంగతి. మనిషి ఒక్కడే పట్టే పొలం గట్టు మీద కావడి ముందూ వెనకా సాగుతుంది, పక్కలకు పోదు. ఒక భుజం నొప్పెడితే ఆగకుండానే మెడ వెనకనుంచి బద్దను రెండో భుజానికి తిప్పుకోవచ్చు. తీరంలోని ఉక్కలో వీపు మీద సంచి ఉంటే చొక్కా తడిసి ముద్దవుతుంది. కావడి మోసేవాడి వీపుకు గాలి తగులుతూనే ఉంటుంది. కొంచెం వంగితే చాలు, రెండు గంపలూ చప్పుడు లేకుండా నేలకు దిగుతాయి. వేటలో చప్పుడు చేయకుండా బరువు దించడం చిన్న విషయం కాదు. దాని లోపం కూడా చెప్పాలి: ముళ్లపొదల్లో, దట్టమైన అడవిలో కొసలు తట్టుకుని నడక సాగదు. కొండ ఎక్కేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండాల్సినవాడికి కెల్టీ సంచే మేలు. మైదానానికి, గట్టుకు, చెరువుకట్టకు మాత్రం కావడికి మించినది నేను చూడలేదు.

ఇదే బిట్రగుంటలో, రైళ్ల దగ్గర, మోతకు ఇంకో పద్ధతి కూడా నడిచింది. రైలు గార్డుకూ డ్రైవరుకూ ఇనుపరేకు పెట్టె ఉండేది. ఎర్రజెండా, పచ్చజెండా, చేతిదీపం, పట్టాల మీద పేల్చే డిటోనేటర్లు, ప్రథమ చికిత్స సామాను, నియమాల పుస్తకం అన్నీ అందులో. ఏ వస్తువు ఉండాలో నిబంధనే చెబుతుంది. పెట్టె బరువు దాన్ని వాడేవాడికి తెలియదు, ఎందుకంటే మోసేది మరొకరు. ఈమధ్య ఆ పెట్టెల స్థానంలో చక్రాల సంచులు వస్తున్నాయి. తన సామాను తానే మోయాల్సి వచ్చినప్పుడే ఎవరైనా దాని బరువు గురించి ఆలోచిస్తారని ఆ మార్పు చూస్తే అనిపిస్తుంది.

చేపల వేట సరంజామాలో ఊత ఒక్కదాన్ని తలుచుకుని ముందుకు పోతాను. అడుగులేని బుట్ట అది. కింద వెడల్పు, పైన చేయి పట్టేంత మూతి. వెదురుపుల్లల కింది మొనలను కట్టకుండా వాడిగా వదిలేస్తారు, బురదలోకి దిగడానికి. ఎండాకాలం చెరువు అడుగంటినప్పుడు మోకాటిలోతు నీళ్లలో దాన్ని దబ్బున దించి, పైమూతిలోంచి చేయి పెట్టి లోపల చిక్కిన కొర్రమీనును తడుముకుని తీస్తారు. నీళ్లలో దాక్కున్న చేపను చేత్తో పట్టడంలో యానాదులు దిట్టలని థర్‌స్టన్ సంపుటం కూడా చెబుతోంది. తెల్లదొరలు పక్షుల వేటకొచ్చినప్పుడు పక్షులున్న చోట్లు కనిపెట్టి చెప్పేదీ వీళ్లేనట. లెక్క రానివాళ్లు ఎన్ని పక్షులను చూశారో తాడుకు అన్ని ముడులు వేసి తెచ్చేవారట. సరంజామాలో తాడు కూడా ఇలా కొలమానమైంది.

ఊదరకుండకున్న పెద్ద దోషాన్ని దాచడం న్యాయం కాదు. ఊదేవాడి నోరు నిప్పుకు మూరెడు దూరంలో ఉంటుంది. పెదాలు కాలతాయి, అరచేతులు కాలతాయి, ఏళ్ల తరబడి పీల్చిన పొగ ఊపిరితిత్తుల్లో చేరుతుంది. ఊపిరి తీసుకునేటప్పుడు పొరపాటున కంత దగ్గరే పీలిస్తే పొగంతా లోపలికే. తమిళనాడులో ఇరులర్ తెగవాళ్లు వాడేదీ ఇలాంటి కుండే. వాళ్ల కోసం చెన్నై కేంద్రంగా పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థ నోటితో ఊదే పనిని తప్పించింది. చేత్తో తిప్పే పంకాతో ఇనుప పొగగొట్టం చేయించింది. 2003లో ప్రపంచ బ్యాంకు నిర్వహించిన పోటీలో దానికి బహుమతి దక్కింది. నాకు అందులో నచ్చింది ఆ కొత్త పనిముట్టులోనూ కుండ సూత్రమే ఉండటం: నిప్పు వెనకనుంచి గాలి, ముందునుంచి పొగ. పాతదాన్ని చేసినవాళ్ల తెలివిని గౌరవించి, వాళ్ల ఊపిరిని కాపాడిన మార్పు అది.

చట్టం సంగతి కూడా పాఠకుడికి తెలిసి ఉండాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఉడుము, కుందేలు, అడవి పక్షులు వేటకు దూరమయ్యాయి. ఉడుముకు అత్యున్నత రక్షణ ఉంది. దాన్ని పట్టడం జైలుకు దారితీసే నేరం. అది సరైన చట్టమే. యానాది వేటగాడికి ఈనాడు మిగిలినవి పొలం ఎలుక, చేప, పీత. అందులో ఎలుక వేట రైతుకు నేరుగా మేలు చేసేది. వరి పొట్టకొచ్చే వేళకు ఎలుకలు దుబ్బులనే కొరికి పడేస్తాయి. దానికి జింకు ఫాస్ఫైడు లాంటి విషపు ఎరలు వాడుతున్నాం. 96 పాళ్ల నూకలు, 2 పాళ్ల నూనె, 2 పాళ్ల మందు. చచ్చేది ఎలుక ఒక్కటే కాదు. ఎర తిన్న కోడి, పిట్ట, విషం తిన్న ఎలుకను మింగిన కుక్క కూడా. కుండ పొగ ఆ ఒక్క కలుగును దాటి పోదు. కలుగులో దాచిన గింజ విషం కాకుండా బయటికి వస్తుంది.

బిట్రగుంట చుట్టుపక్కల వరి వేసే రైతులకు ఒక మాట. వచ్చే పంటకు ఎలుకల మందు కొనేముందు దగ్గరలోని యానాది కుటుంబాన్ని పిలిపించండి. తోకలు లెక్కపెట్టి డబ్బులిచ్చే పద్ధతి మాని, పూర్తి రోజుకూలి ఇవ్వండి, కలుగుల్లో దొరికిన వడ్లు వాళ్లకే వదలండి. నలుగురు రైతులు కలిసి చేతిపంకా పొగగొట్టం ఒకటి చేయించి వాళ్ల చేతికివ్వండి. నెల్లూరు వరి పరిశోధన కేంద్రం లాంటి సంస్థలు ఒక ఊదరకుండను, ఒక కావడిబద్దను చేసినవాళ్ల పేర్లతో సహా సేకరించి, కొలతలు రాసి భద్రపరచాలి. ఆ కంత ఎంత ఉండాలో, ఆ బద్ద ఎక్కడ పలచబడాలో చెప్పగలిగిన పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు.